మేడమీది కంప్యూటరుకు వైరు కనెక్షన్ మధ్యమధ్యలో తెగిపోతోంది: ఎక్కడని వెతకాలి?

మేడమీద గది | సోమవారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. మాది కాకినాడలో రెండంతస్తుల ఇల్లు. ఫైబరు వాళ్లు తమ లైనును ఇంటి నెట్‌కు కలపడానికి బిగించిన ఓఎన్‌టీ పెట్టె కింద హాల్లో, వీధి గుమ్మం పక్కన ఉంటుంది. రౌటరూ వైఫై కూడా అందులోనే. అక్కడి నుంచి ఒక కేబులు మెట్ల కింద ఉన్న ఒకే లైనును పలు పరికరాలకు పంచే ఐదు పోర్టుల నెట్‌వర్కు స్విచ్‌కు వస్తుంది. ఆ స్విచ్ నుంచి ఒకటి టీవీకి, మరొకటి గోడలో వేసిన పైపు గుండా మేడమీద నేను పనిచేసుకునే గదికి వెళ్తాయి. మేడమీదికి వెళ్లే కేబులు నా అంచనాలో 25 మీటర్లు ఉంటుంది. ఇల్లు కట్టినప్పుడే, అంటే ఆరేళ్ల కిందట, ఎలక్ట్రీషియను వేసి వెళ్లాడు.

మూడు వారాలుగా మేడమీద కనెక్షన్ రోజుకు నాలుగైదు సార్లు తెగుతోంది. ఐదు నుంచి పది సెకన్లలో దానంతట అదే మళ్లీ కలుస్తుంది. పది సెకన్లే కదా అని సరిపెట్టుకోవడానికి లేదు, ఎందుకంటే ఆపాటికే ఆఫీసు నెట్‌వర్కులోకి వెళ్లే వీపీఎన్ ఊడిపోతుంది, మీటింగులో నేను మాట్లాడుతున్న మాట సగంలో ఆగిపోతుంది, తిరిగి లోపలికి వెళ్లేసరికి చర్చ వేరే విషయంలోకి వెళ్లిపోయి ఉంటుంది.

ఇప్పటివరకు ఓఎన్‌టీని ఆపి మళ్లీ వేశాను, కంప్యూటరులో వైరు కనెక్షన్‌ను నడిపే ల్యాన్ డ్రైవరు కొత్తది వేశాను, కంప్యూటరు వెనక ఉన్న ప్యాచ్ కార్డు, అంటే పొట్టి కేబులు, మార్చాను. ఫైబరు వాళ్ల మనిషి కూడా వచ్చి, లైనులో కాంతి బలం సరిగానే ఉందని మీటరు మీద చూపించి వెళ్లాడు. వైఫై మీద నడిచే ఫోన్లకు ఏ ఇబ్బందీ లేదు. కొత్త స్విచ్ కొనాలో, కొత్త ల్యాన్ కార్డు కొనాలో తేల్చుకోలేకపోతున్నాను. దయచేసి సలహా ఇవ్వగలరు.


సున్నా ఒకటి | సోమవారం, ఉదయం 10:02

కొనుగోళ్లు కాసేపు పక్కన పెట్టండి. మీరు చెప్పిన దారిలో పరికరాలు మూడు, కేబుళ్లు రెండు, కరెంటు అడాప్టర్లు రెండు ఉన్నాయి. ఏది తప్పు చేస్తోందో తెలియకుండా ఒకదాన్ని మార్చడమంటే ఏడు చీటీల్లో ఒకటి తీసినట్టే.

ముందుగా కంప్యూటరులో రెండు పింగ్‌లు, అంటే ఉన్నావా అని అడిగి జవాబు కోసం చూసే చిన్న సందేశాలు, ఎడతెగకుండా నడవనివ్వండి. ఒకటి ఇంట్లోని ఓఎన్‌టీ చిరునామాకు, అది సాధారణంగా 192.168.1.1 అయి ఉంటుంది. రెండోది బయట ఇంటర్నెట్టులో ఉన్న 8.8.8.8కు. ప్రతి జవాబు పక్కన గడియారం సమయం పడేటట్టు చిన్న స్క్రిప్టు రాసుకుంటే మంచిది, లేకపోతే సాయంత్రం వేల వరుసల మధ్య ఏది ఎప్పుడు జరిగిందో తెలియదు. బయటి పింగ్ మాత్రమే ఆగితే గొడవ ఫైబరు లైనులోనో ఆవలో ఉంది. రెండూ ఒకేసారి ఆగితే గొడవ మీ గోడల మధ్యనే ఉంది.

రెండూ ఆగిన పక్షంలో ఇంకొక ప్రశ్న మిగులుతుంది. కేబులు ఊడిపోయిందని కంప్యూటరు చెబుతోందా, లేక లింకు, అంటే కేబులు రెండు కొసల పరికరాల మధ్య సంబంధం, నిలిచే ఉండి జవాబులు మాత్రం రావడం లేదా? విండోస్ ఈవెంట్ వ్యూయరులోని సిస్టమ్ లాగులో లింకు పడిన సమయం, లేచిన సమయం నమోదవుతాయి. లింకు నిలిచి ఉండగా చిరునామా 169.254తో మొదలవుతుంటే కేబులు జోలికి వెళ్లనక్కరలేదు, చిరునామా పంచే డీహెచ్‌సీపీ దగ్గర చూడాలి. ఓఎన్‌టీ ఒకటి, పాత రౌటరు ఒకటి, రెండూ ఒకే ఇంట్లో చిరునామాలు పంచుతున్న చోట ఇటువంటివి తరచుగా జరుగుతాయి. లింకే పడిపోతుంటే మాత్రం అది తీగ, పిన్ను, కరెంటులకు సంబంధించిన వ్యవహారం, సాఫ్ట్‌వేరు వాళ్లం మేము తప్పుకోవచ్చు.


గోదారి గట్టు | సోమవారం, మధ్యాహ్నం 1:40

మాది రాజమండ్రి. నాకూ ఇటువంటి బాధే ఉంది కాబట్టి ఈ చర్చను అనుసరిస్తున్నాను. నాకు కొంత గుణం ఇచ్చిన పని ఒకటి చెబుతాను. 2010లో వచ్చిన 802.3ఏజడ్ అనే ప్రమాణం ప్రకారం, సమాచారం నడవని క్షణాల్లో లింకు కునుకు తీసి విద్యుత్తు పొదుపు చేస్తుంది. కొన్ని కార్డులకు కొన్ని స్విచ్‌లతో పొత్తు కుదరక, కునుకు నుంచి లేచేటప్పుడు లింకే పడిపోతుంది. డివైస్ మేనేజరులో ల్యాన్ కార్డు ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ అన్న చోట ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్, గ్రీన్ ఈథర్నెట్ అన్న రెండింటినీ ఆపి చూడండి. ఖర్చు లేని పని.


రాగితీగ | సోమవారం, రాత్రి 9:25

నేను ఇరవై ఏళ్లుగా ఇళ్లకూ ఆఫీసులకూ కేబులింగు పని చేస్తున్నాను. మీరు రాసినదాంట్లో నాకు కావలసిన ముక్క ఒకటి లేదు. లింకు తెగి మళ్లీ కలిసినప్పుడు ఎంత వేగంతో కలుస్తోంది, 1000 మెగాబిట్లతోనా 100తోనా? స్విచ్ మీద ఆ పోర్టు దీపం రంగు మారుతోందా?

ఎందుకు అడుగుతున్నానంటే, కేబులులో ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు ఉంటాయి. 100 మెగాబిట్ల లింకు వాటిలో రెండు జతలనే, అంటే 1, 2, 3, 6 పిన్నులనే వాడుకుంటుంది. గిగాబిట్‌కు అంటే 1000 మెగాబిట్లకు నాలుగు జతలూ కావాలి. నీలం జతలోగాని బ్రౌన్ జతలోగాని ఒక్క తీగ పట్టు వదిలినా గిగాబిట్ లింకు పడిపోతుంది. కార్డు రెండు మూడు సార్లు ప్రయత్నించి, కుదరక, 100కు దిగి సర్దుకుంటుంది. అలా దిగుతోందంటే ఎనిమిది తీగల్లో ఏ నాలుగింటిని అనుమానించాలో ఇంట్లో కూర్చునే తెలిసిపోయినట్టే.

మరో మాట. స్విచ్ నుంచి మీ గది దాకా దారిలో ఎక్కడైనా జంక్షన్ బాక్సు ఉందా? కేబులు చాలనప్పుడు కరెంటు వైరు అతికినట్టే దీన్నీ అతికి, పైన మూత పెట్టి వెళ్లిపోయిన ఇళ్లు నేను చాలా చూశాను.


మేడమీద గది | మంగళవారం, రాత్రి 8:15

గోదారి గట్టు గారు చెప్పిన రెండు సెట్టింగులనూ నిన్న రాత్రే ఆపేశాను. ఇవాళ పొద్దుటి నుంచి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తెగలేదు! మూడు వారాల తరువాత మొదటిసారి మీటింగు మొత్తం విన్నాను. అందరికీ కృతజ్ఞతలు. రాగితీగ గారూ, మీరు అడిగినవి ఇక చూడవలసిన అవసరం లేదనుకుంటున్నాను.


నిర్వాహకుడు | మంగళవారం, రాత్రి 8:50

అడిగిన సభ్యుని కోరిక మేరకు ఈ చర్చను పరిష్కృతంగా గుర్తించడమైనది.


మేడమీద గది | బుధవారం, సాయంత్రం 5:05

నిర్వాహకులు మన్నించాలి, ఆ గుర్తు తీసేయండి. ఇవాళ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగు లోపల ఐదు సార్లు తెగింది. నిన్న మా ఊళ్లో పొద్దుటి నుంచి మబ్బు పట్టి ఉంది, సాయంత్రం జల్లు కూడా పడింది. ఇవాళ మళ్లీ మామూలు మే నెల ఎండ. ఈ రెండింటికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు గాని, చెప్పకుండా ఉండలేకపోయాను.

రాగితీగ గారి ప్రశ్నకు జవాబు: ఐదింటిలో మూడు సార్లు 100తో కలిసింది.


పాలిటెక్నిక్ మాస్టారు | బుధవారం, రాత్రి 7:30

చెప్పడం మంచిదయింది. రోజులో ఒకే వేళకు వచ్చే లోపం ఉచితంగా దొరికిన సాక్ష్యం వంటిది, దాన్ని వృథా చేసుకోకండి. ఐదు రోజులు ఏ మార్పూ చేయకుండా పట్టిక రాయండి. తెగిన సమయం, తిరిగి కలిసిన వేగం, ఆ క్షణాన ఇంట్లో ఏం జరుగుతోంది అన్న మూడు అంశాలుంటే చాలు. ముఖ్యంగా మీ లింకు పడినప్పుడు స్విచ్ మీద టీవీ పోర్టు దీపం కూడా ఆరుతోందో, మీ ఒక్క పోర్టు దీపమే ఆరుతోందో తెలియాలి. దీపాలన్నీ ఒకేసారి ఆరితే స్విచ్‌కు కరెంటు అందడం లేదని అర్థం. ఒక్కటే ఆరితే అది ఆ పోర్టుకు ఆవల ఉన్న తీగ సంగతి.

మీరు మేడమీద, స్విచ్ మెట్ల కింద అని తెలుసు. పాత ఫోను ఒకటి స్విచ్ ఎదురుగా నిలబెట్టి వీడియో తీయించండి. అంతా చూడనక్కరలేదు, లాగులో పడిన సమయాల దగ్గర మాత్రం చూస్తే సరిపోతుంది.


మేడమీద గది | మరుసటి మంగళవారం, ఉదయం 7:40

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. ఖాళీ ఆవకాయ జాడీకి ఆనించి పాత ఫోను నిలబెట్టాను. మెట్ల కింద ఆ జాడీ ఎందుకుందని వచ్చిన చుట్టాలందరూ అడిగారు.

గురువారం నుంచి సోమవారం దాకా ఐదు రోజుల్లో మొత్తం 21 సార్లు తెగింది. వాటిలో 17 సార్లు మధ్యాహ్నం 12:20కీ 4:30కీ నడుమ జరిగాయి. ఆ 17 సార్లూ స్విచ్ మీద నా పోర్టు దీపం ఒక్కటే ఆరింది, టీవీ దీపం నిశ్చింతగా వెలుగుతూనే ఉంది. వాటిలో 11 సార్లు లింకు 100తో కలిసింది. అలా 100కు దిగి ఉన్నంతసేపూ ఒక్కసారి కూడా తెగలేదు. ప్రతిసారీ నేను కేబులు తీసి పెడితే మళ్లీ 1000 వచ్చింది.

మిగిలిన నాలుగూ వేరేగా ఉన్నాయి. మూడు ఉదయం ఆరు గంటల ప్రాంతంలో, ఒకటి సాయంత్రం ఆరున్నరకు. ఆ నాలుగు సార్లూ స్విచ్ మీద పవర్ దీపంతో సహా అన్నీ ఒక్క క్షణం ఆరి మళ్లీ వెలిగాయి. వీడియోలో ఆ క్షణానికి సరిగ్గా ముందు టక్‌మని ఒక చప్పుడు వినిపిస్తోంది. అది మంచినీళ్ల మోటారు స్టార్టరు చప్పుడని అమ్మ గుర్తుపట్టింది. మోటారు స్విచ్‌బోర్డు కూడా మెట్ల కిందే ఉంది, నా స్విచ్ అడాప్టరు దాని పక్క సాకెట్టులోనే పెట్టి ఉంది.


పాలిటెక్నిక్ మాస్టారు | మంగళవారం, ఉదయం 9:00

మీ ఇంట్లో ఉన్నవి రెండు జబ్బులు. ఇన్నాళ్లూ ఒకదాని లక్షణాలు మరొకదాని మీద పడి దారి తప్పించాయి.

మోటారు సంగతి ముందు చూద్దాం. ఒక హార్స్‌పవరు మోటారు నడిచేటప్పుడు తీసుకునే కరెంటుకు అయిదారు రెట్లు లేచేటప్పుడు తీసుకుంటుంది. ఆ అర సెకను పాటు అదే వైరు మీద ఉన్న సాకెట్టులో వోల్టేజీ కుంగుతుంది. కొత్త అడాప్టరయితే లోపలి కెపాసిటరులో ఉన్న నిల్వతో ఆ కుంగుబాటును దాటేస్తుంది. ఏళ్ల తరబడి వేడిలో ఉన్న అడాప్టరులో కెపాసిటరు ఎండిపోయి, ఆ ఓపిక ఉండదు. అడాప్టరును హాల్లో ఓఎన్‌టీ ఉన్న ఇన్వర్టరు లైనులోకి మార్చి చూడండి. కొత్తది కొనవలసి వస్తే వోల్టేజీ, పిన్ను ధ్రువాలు పాతదాని మీద రాసినట్టే ఉండాలి, ఆంపియర్లు అంతే గాని ఎక్కువ గాని ఉండవచ్చు. ఆంపియర్లు ఎక్కువుంటే పరికరం కాలిపోతుందన్న భయం అక్కరలేదు.

మధ్యాహ్నపు లోపం మీద రాగితీగ గారి అభిప్రాయం వినాలని ఉంది.


సున్నా ఒకటి | మంగళవారం, ఉదయం 9:20

100కు దిగాక నిలకడగా ఉంటోందన్న మాట బట్టి ఒక తాత్కాలిక ఉపాయం తోస్తోంది. అసలు లోపం దొరికేదాకా ల్యాన్ కార్డు సెట్టింగులో వేగాన్ని 100 ఫుల్ డ్యూప్లెక్స్ (రెండు వైపులా ఒకేసారి సమాచారం నడిచే తీరు) అని స్థిరపరిస్తే, కనీసం మీటింగులు తెగకుండా గడుస్తాయి కదా?


రాగితీగ | మంగళవారం, మధ్యాహ్నం 2:10

సున్నా ఒకటి గారూ, ఉద్దేశం మంచిదే గాని అందులో ఒక గొయ్యి ఉంది. ఒక కొసన ఫుల్ డ్యూప్లెక్స్ అని బిగించేస్తే, చాలా కార్డులు ఎదుటి కొసతో వేగం, డ్యూప్లెక్స్ తేల్చుకునే బేరసారాలు మానేస్తాయి. ఇటువంటి చవక స్విచ్‌లో మనం బిగించడానికి సెట్టింగే ఉండదు. బేరానికి జవాబు రాకపోతే అది వేగాన్ని కనిపెట్టగలదు గాని డ్యూప్లెక్స్‌ను కనిపెట్టలేదు, అందువల్ల నియమం ప్రకారం హాఫ్ డ్యూప్లెక్స్‌కు పోతుంది. ఒకరు ఇద్దరూ ఒకేసారి మాట్లాడవచ్చనుకుంటారు, మరొకరు వంతులవారీగా మాట్లాడాలనుకుంటారు. లింకు దీపం వెలుగుతూనే ఉంటుంది, పింగ్ బాగానే కనిపిస్తుంది, పెద్ద ఫైలు పంపినప్పుడు మాత్రం ప్రాణం తీస్తుంది. తాత్కాలికంగా 100 కావాలంటే, ఆ బేరసారాలను (ఆటో నెగోషియేషన్) ఉంచుతూనే, ప్రకటించే వేగాల్లోంచి 1000ని తీసేసే వీలు కార్డులో ఉందేమో చూడాలి. లేదా పాత 100 మెగాబిట్ల స్విచ్ ఒకటి మధ్యలో పెట్టాలి.

మధ్యాహ్నపు లోపం విషయానికి వస్తే, నా పందెం నీలం జత మీదగాని బ్రౌన్ జత మీదగాని, దారిలో ఎండ తగిలే గోడలో ఉన్న అతుకు మీద. అయితే గోడ తవ్వే ముందు కేబులు మీద నేరం రుజువు చేయాలి. రెండు కొసలకూ జాకులున్న 30 మీటర్ల రెడీమేడ్ కేబులు ఎవరి దగ్గరైనా అరువు తెచ్చి, స్విచ్‌లో అదే పోర్టు నుంచి మెట్ల రెయిలింగు వెంబడి మీ కంప్యూటరు దాకా లాగండి. రెండు మండే మధ్యాహ్నాలు గడపండి. తెగకపోతే కార్డు, పోర్టు, డ్రైవరు అన్నీ నిర్దోషులే. తెగితే నేను ఓడినట్టు.


గోదారి గట్టు | మంగళవారం, సాయంత్రం 6:30

మధ్యలో నా గోడు కూడా కాస్త వినండి. పొదుపు సెట్టింగులు ఆపాక లింకు పడటం తగ్గింది గాని, కార్డు లెక్కలో తప్పు ప్యాకెట్ల, అంటే పాడై చేరిన సమాచారపు ముక్కల, సంఖ్య నిమిషనిమిషానికీ పెరుగుతోంది. కేబులుకు జాకులు నేనే క్రింప్ చేశాను, అంటే నొక్కి బిగించాను. దీపాల టెస్టరుతో పరీక్షిస్తే ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుసగా, రెండు కొసలా తప్పు లేకుండా వెలిగాయి. టెస్టరు బాగుందంటే కేబులు బాగున్నట్టే కదా?


రాగితీగ | మంగళవారం, రాత్రి 9:45

రెండు కొసల్లోనూ రంగులు ఏ వరుసలో పెట్టారో రాయండి.


గోదారి గట్టు | మంగళవారం, రాత్రి 9:58

వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, గ్రీన్, వైట్ బ్లూ, బ్లూ, వైట్ బ్రౌన్, బ్రౌన్. రెండు కొసలా అదే వరుస. చూడటానికి ముచ్చటగా ఉంది.


రాగితీగ | మంగళవారం, రాత్రి 10:20

ముచ్చటే కొంప ముంచింది. జాకులో 3వ పిన్నూ 6వ పిన్నూ ఒక జత. మీ వరుసలో 3లో వైట్ గ్రీన్, 6లో బ్లూ పడ్డాయి, అంటే ఒకదానితో ఒకటి మెలివేసుకోని రెండు తీగలను జతగా వాడుతున్నారు. కేబులులో మెలికకు పనేమిటంటే, బయటి నుంచి పడే విద్యుత్ రొద జతలోని రెండు తీగల మీదా సమానంగా పడాలి, అప్పుడే అవతలి కొసన ఒకదాని నుంచి ఒకటి తీసేస్తే రొద పోయి సంకేతం మిగులుతుంది. మెలిక లేని తీగలను జత చేస్తే పక్క జత మాటలన్నీ ఇందులో వినిపిస్తాయి. దీన్ని స్ప్లిట్ పెయిర్ అంటాం. దీపాల టెస్టరు ఈ కొసన ఉన్న తీగ ఆ కొసకు చేరిందా అన్నంతే చూస్తుంది, ఏ తీగ ఏ తీగతో మెలివేసుకుందో దానికి తెలియదు.

సరైన వరుస ఇది: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. మెలిక విప్పేది 13 మిల్లీమీటర్లు మించకూడదు. బయటి తొడుగు జాకు లోపలికి వెళ్లి, వెనక ఉన్న నొక్కు దానిని పట్టుకోవాలి. పాత జాకులు కోసేసి రెండు కొసలూ మళ్లీ క్రింప్ చేయండి.


మేడమీద గది | శుక్రవారం, సాయంత్రం 7:10

మా ఆఫీసు సహోద్యోగి ఇంటి నుంచి 30 మీటర్ల కేబులు తెచ్చి, రెయిలింగుకు అక్కడక్కడా నాడాలతో కట్టి మేడమీదికి లాగాను. బుధ, గురు, శుక్ర వారాలు మూడు మధ్యాహ్నాలు గడిచాయి. మూడు రోజులూ ఎండ దంచేసింది. ఒక్కసారి కూడా తెగలేదు, 1000 నుంచి కిందికి దిగలేదు. స్విచ్ అడాప్టరును ఇన్వర్టరు లైనులోకి మార్చాక మోటారు వేసినా దీపాలు ఆరడం లేదు. మోటారును కావాలని ఆరు సార్లు ఆపి వేస్తే, ట్యాంకు పొంగి, నాన్నగారు కోప్పడ్డారు.

రాగితీగ గారు పందెం గెలిచినట్టే. మెట్లు మలుపు తిరిగే చోట, పడమటి గోడలో, సున్నం కింద సగం కప్పబడిన ప్లాస్టిక్ మూత ఒకటి కనిపించింది. ఆదివారం తెరుస్తాను.


పాలిటెక్నిక్ మాస్టారు | శుక్రవారం, రాత్రి 8:00

తెరిచే ముందు మెయిను ఆపండి. మెట్ల లైటుకు కింద ఒకటి, పైన ఒకటి స్విచ్‌లు ఉండి ఉంటే ఆ వైర్లు కూడా అదే పైపులోంచి వెళ్లే అవకాశం ఎక్కువ. ల్యాన్ కేబులే కదా అని వేలు పెట్టేచోట 230 వోల్టులు ఉండవచ్చు. టెస్టరుతో చూసుకున్నాకే చేయి పెట్టండి.


మేడమీద గది | ఆదివారం, మధ్యాహ్నం 12:30

మాస్టారు ఊహించినట్టే అదే బాక్సులో మెట్ల లైటు వైర్లు కూడా ఉన్నాయి. మెయిను ఆపి, టెస్టరుతో చూసుకుని పని మొదలుపెట్టాను.

లోపల నిమ్మకాయంత నల్ల టేపు ఉండ ఉంది. ఎండకు టేపు జిగురు కారి వేళ్లకు అంటుకుంది. విప్పితే లోపల రెండు కేబుళ్ల కొసలు కనిపించాయి. కిందినుంచి వచ్చినది బూడిద రంగుది, పైకి వెళ్లేది నీలం రంగుది. రెంటి తీగలనూ రంగుకు రంగు కలిపి, చేత్తో మెలిపెట్టి, ఒక్కొక్కదానికి విడిగా టేపు చుట్టారు. జానెడు పొడవున జతల మెలిక మొత్తం విప్పేసి ఉంది. వైట్ బ్లూ తీగ అతుకు దగ్గర తెల్లటి పొడి పట్టి ఉంది. చూద్దామని కాస్త పక్కకు తీయగానే పుటుక్కున విరిగి చేతిలోకి వచ్చింది.

కింది కేబులు తీగను బ్లేడుతో గీశాను, లోపల కూడా ఎర్రగానే ఉంది. పై కేబులు తీగను గీస్తే రాగి పొర కింద వెండిలా తెల్లగా మెరిసింది. అది అల్యూమినియమా?


పాలిటెక్నిక్ మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 1:45

అల్యూమినియమే, పైన రాగి పూత. మధ్యాహ్నపు లోపానికి కారణం మీ చేతిలోనే ఉంది. ఒక డిగ్రీ వేడెక్కితే అల్యూమినియం పది లక్షల వంతుల్లో 23 వంతులు సాగుతుంది, రాగి 17 వంతులు. బిగింపు లేకుండా చేత్తో మెలిపెట్టిన చోట ఈ రెండూ ఎండకు వేర్వేరుగా సాగి, రాత్రికి వేర్వేరుగా ముడుచుకుంటూ ఆరు వేసవులు గడిపితే మెలిక వదులవుతుంది. పైపూత అరిగినచోట అల్యూమినియం గాలి తగిలి ఆక్సైడు పొర కట్టుకుంటుంది, ఆ పొర విద్యుత్తును పోనివ్వదు. దీనికి తోడు మీది సముద్రపు గాలి. తేమలో ఉప్పు ఉన్నప్పుడు రాగిని ఆనుకున్న అల్యూమినియం త్వరగా తినుకుపోతుంది, ఆ తెల్ల పొడి అదే. పడమటి గోడ మధ్యాహ్నం వేడెక్కినప్పుడు తీగ పట్టు వదిలేది, సాయంత్రం చల్లబడగానే మళ్లీ ఆనుకునేది.


గోదారి గట్టు | ఆదివారం, సాయంత్రం 4:20

కొత్త కేబులు కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూస్తే ఈ మోసం తెలిసిపోతుందని ఒకరు చెప్పారు. నిజమేనా? నా రెండు కొసలూ సరైన వరుసలో మళ్లీ క్రింప్ చేశాను. నిన్నటి నుంచి తప్పు ప్యాకెట్ల సంఖ్య సున్నా దగ్గరే నిలబడి ఉంది.


రాగితీగ | ఆదివారం, రాత్రి 9:10

అయస్కాంతం ఉక్కు మీద రాగి పూసిన తీగను పట్టిస్తుంది. అల్యూమినియంకు, రాగికి రెంటికీ అది అంటుకోదు, కాబట్టి ఇక్కడ పనికిరాదు. బ్లేడుతో గీయడమే నమ్మకమైన పరీక్ష. తొడుగు మీద సాలిడ్ బేర్ కాపర్ (లోపలంతా రాగే) అన్న అక్షరాలున్నాయో లేదో చూడండి, ఉన్నా ఒక కొస గీసి చూశాకే డబ్బు ఇవ్వండి. అల్యూమినియం వాహకత రాగిలో 61 శాతమే. పూత ఉన్నా, అంతే మందమున్న రాగి తీగ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు నిరోధం ఉంటుంది. కేబులింగు ప్రమాణాలేవీ దాన్ని క్యాట్ 5ఈ, క్యాట్ 6 అనే కేబులు తరగతుల కింద ఒప్పుకోవు, పెట్టె మీద ఏమి రాసినా సరే.

మేడమీద గది గారూ, మళ్లీ అతుకు వేయాలన్న ఆలోచన రానివ్వకండి. కొస నుంచి కొసకు ఒకే ముక్క వేయండి. పాత పైపులో కరెంటు వైర్లున్నాయి కాబట్టి అందులోంచి లాగవద్దు. మెట్ల గోడ వెంబడి కేసింగ్ పట్టీ కొట్టించి అందులో వేయండి, చూడటానికి కొంచెం వికారంగా ఉన్నా రేపు మళ్లీ తెరవాలంటే చేతికి అందుతుంది. మలుపుల దగ్గర కేబులు మందానికి నాలుగింతలకు తగ్గని వంపు ఇవ్వండి. లాగేటప్పుడు పదకొండు కిలోల బరువు వేలాడదీసినంత కంటే ఎక్కువ బలం పెట్టకూడదు. రెండు కొసలా గోడకు జాకు బాక్సులు పెట్టి, పంచింగ్ టూలుతో తీగలు దిగ్గొట్టించి, అక్కడి నుంచి పరికరాలకు మెత్తని ప్యాచ్ కార్డులు వాడండి. గోడలో వేసే సాలిడ్ తీగను రోజూ కదిపితే రాగి అయినా విరుగుతుంది.


మేడమీద గది | రెండు వారాల తరువాత, సోమవారం, ఉదయం 8:30

కొత్త కేబులు వేసి తొమ్మిది రోజులయింది. అంగట్లో మొదట చూపించిన రెండు రకాలూ బ్లేడుకు తెల్లగా తేలాయి. మూడోది ఎర్రగా ఉంది, బరువూ తేడాగా ఉంది, అదే తెచ్చాను. స్విచ్ నుంచి గది దాకా 28 మీటర్లు పట్టింది. తొమ్మిది రోజులూ లింకు 1000 దగ్గరే ఉంది, తప్పు ప్యాకెట్లు లేవు. పొదుపు సెట్టింగులను మళ్లీ మొదటిలా పెట్టేశాను, దాని వల్ల ఏ తేడా రాలేదు.

లాగులో ఒక్కసారి మాత్రం లింకు పడినట్టు ఉంది. నిన్న ఆదివారం ఉదయం 8:40కి, స్విచ్ దీపాలన్నీ కలిసి, నాలుగు నిమిషాల పాటు. మోటారు ఆ వేళ వేయలేదు, ఇన్వర్టరులో లోపం లేదు. జాడీకి ఆనించిన ఫోను ఇంకా తీయలేదు కాబట్టి వీడియో చూశాను. దీపాలు ఆరిన కాసేపటికి హాల్లోంచి నాన్నగారి గొంతు వినిపించింది, తమ ఫోను చార్జింగుకు పెట్టుకోవడానికి ఏదో అడాప్టరు పీకానని అమ్మకు చెబుతున్నారు. ఆ పక్కనే ఇంకొక సాకెట్టు వేయమని ఎలక్ట్రీషియనుకు చెప్పాను. ఈ చర్చను పరిష్కృతంగా గుర్తించవలసిందిగా నిర్వాహకులను రెండోసారి కోరుతున్నాను.